ట్యూషన్ సంగతి తర్వాత, ముందు బస్సెక్కడం నేర్పండి

పిల్లలూ బడులూ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కాట్లాండ్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులవే. ఆగస్టు మధ్యలో ఇక్కడ బడులు తెరుస్తారు. ప్రైమరీలో ఆఖరి తరగతి పీ7 ముగించిన పిల్లలు హైస్కూల్లో మొదటి తరగతి ఎస్1కి వెళ్తారు. నేను ఎడిన్‌బరా దగ్గర ఒక హైస్కూల్లో, చదువులో తోడు కావలసిన పిల్లలతో పనిచేస్తాను. సైన్సు గది ఎక్కడో తెలియక కారిడార్లో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ కొత్త పిల్లలకు దారి చూపించేది కూడా మేమే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఈ విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మేం లివింగ్‌స్టన్‌లో ఉంటాం. పాప పీ7 చదువుతోంది, ఆగస్టులో హైస్కూలు. మావారిది ఐటీ ఉద్యోగం, నేను కేర్ హోమ్‌లో షిఫ్టులు చేస్తాను. పాప నెమ్మదస్తురాలు, క్లాసులో తనంతట తాను చెయ్యెత్తదు. ఇన్నాళ్లూ బడి అయ్యాక ఆఫ్టర్ స్కూల్ క్లబ్‌లో ఉండేది, అది పీ7తో ఆఖరు. కొత్త బడికి బస్సులో వెళ్లాలి. మావారేమో సెలవుల్లో లెక్కల ట్యూషన్ పెట్టించి ఎస్1 సిలబస్ సగమైనా ముందే పూర్తి చేయించాలంటారు. బడివాళ్లని అడిగితే పుస్తకాల లిస్టు కూడా ఇవ్వలేదు. ఫోన్ కొనివ్వాలా వద్దా అన్నది ఇంకో గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– పేరు రాయవద్దు, లివింగ్‌స్టన్

జవాబు: పుస్తకాల లిస్టు దాచిపెట్టుకుని ఇవ్వకపోవడం కాదమ్మా, అసలు అలాంటిది లేదు. ఎస్1 నుంచి ఎస్3 దాకా పిల్లలు రకరకాల సబ్జెక్టులన్నీ రుచి చూసే దశ. చిన్న తరగతుల నుంచి ఎస్3 దాకా సాగే ఈ చదువును బ్రాడ్ జనరల్ ఎడ్యుకేషన్ అంటారు. మొదటి పబ్లిక్ పరీక్షలు, అంటే నేషనల్ 5, చాలామందికి ఎస్4లో వస్తాయి. ఎస్5లో హయ్యర్స్, కావాలనుకుంటే ఎస్6లో అడ్వాన్స్‌డ్ హయ్యర్స్. ఇంగ్లండ్‌లో ఉన్న మీ బంధువులు గ్రామర్ స్కూల్ ఎంట్రన్స్ అనీ జీసీఎస్ఈ పరీక్షలనీ భయపెడుతుంటే వినేసి ఊరుకోండి, అది వాళ్ల పద్ధతి. ఇక్కడి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నడిపే హైస్కూళ్లలో చేరడానికి పరీక్ష లేదు, చేరాక ర్యాంకు లేదు. రిపోర్టులో కూడా నూటికి ఇన్ని అని ఉండదు. ఇక్కడి చదువుని లెవెల్స్ అనే మెట్లుగా విడగొట్టారు. పీ7 అయ్యేసరికి చాలామంది సెకండ్ లెవెల్ అందుకుంటారు, హైస్కూల్లో థర్డ్ లెవెల్ వైపు ఎంతవరకు వచ్చారో రాస్తారు. మీవారు ఆ కాగితాన్ని తిరగేసి బోర్లేసి మార్కుల కోసం వెతుకుతారు. ముందే చెప్పి ఉంచండి.

సెలవుల్లో లెక్కలు అసలు ముట్టుకోవద్దని అనను. ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు మరిచిపోకుండా వారానికి రెండుసార్లు కాసేపు కూర్చోబెడితే చాలు. ఎస్1లో పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకునేది లెక్కలు రాక కాదు. ఇవాళ పీఈ, అంటే ఆటల పీరియడ్, ఉందని మరిచిపోయి డ్రెస్సు తెచ్చుకోలేదని, గంట మోగాక ఏ అంతస్తుకు వెళ్లాలో తెలియలేదని, బస్సు కార్డు పోయిందని, మధ్యాహ్నం భోజనానికి పక్కన కూర్చునేవాళ్లు లేరని. ఇందులో ఏ ఒక్కటీ ట్యూషన్‌లో చెప్పరు.

ప్రైమరీలో ఒకే గది, దాదాపు ఒకే టీచర్. ఆవిడకి మీ పాప ముఖం చూస్తేనే విషయం అర్థమవుతుంది. హైస్కూల్లో పది పన్నెండు మంది టీచర్లు, పీరియడ్‌కో గది. టైమ్‌టేబుల్ చదవడం మనకి పెద్ద పనిలా కనిపించదు గానీ, గడుల్లో సబ్జెక్టు పేరు, గది నంబరు, టీచర్ పేరుకి పొడి అక్షరాలు ఇరికించి ఉంటే పదకొండేళ్ల పిల్లకి అది రైల్వే టైమ్‌టేబులే. ఏదైనా ఒక హైస్కూలు టైమ్‌టేబుల్ నమూనా సంపాదించండి. మీ వీధిలో ఎస్2 చదివే పిల్లలుంటే వాళ్లదే అడగండి. 'మంగళవారం నాలుగో పీరియడ్ ఎక్కడ? ఆ రోజు బ్యాగులో ఏమేం ఉండాలి?' అని ఆటలా అడిగించండి. బడి తెరిచాక అసలు టైమ్‌టేబుల్ ఒక కాపీ ఫ్రిజ్ మీద, ఒకటి బ్యాగులో. బ్యాగు రాత్రే సర్దాలి, అదీ పాపే సర్దాలి. మీరు సర్దితే ఏ పుస్తకం ఏ అరలో ఉందో మీకే తెలుస్తుంది, తనకి తెలియదు.

ఇక బస్సు. స్కాట్లాండ్‌లో 2022 జనవరి 31 నుంచి 5 ఏళ్ల నుంచి 21 ఏళ్ల దాకా అందరికీ బస్సు ప్రయాణం ఉచితం. దానికి నేషనల్ ఎంటైటిల్‌మెంట్ కార్డు ఉండాలి. పదకొండేళ్లు నిండిన పిల్లలకి దానిమీద యంగ్ స్కాట్ అని కూడా ఉంటుంది. పదహారు లోపు పిల్లల తరఫున తల్లిదండ్రులే అప్లై చేయాలి. ఆగస్టులో అందరూ ఒకేసారి మేలుకుంటారు కాబట్టి మీరు ఇప్పుడే పెట్టండి. కార్డు దగ్గర లేకపోతే టికెట్ కొనాల్సిందే, పక్కింటి పిల్లని చూపించి 'నాకూ ఉంది' అంటే డ్రైవర్ ఒప్పుకోడు. అందుకని బ్యాగు లోపలి జేబులో ఒక్క టికెట్‌కి సరిపడా చిల్లర ఎప్పుడూ ఉంచండి.

సాధన మాత్రం జూలైలో చేయించండి, బడి లేని రోజుల్లో. మొదట పక్కన కూర్చోండి. తర్వాత మీరు వెనక సీట్లో కూర్చుని, ఎక్కడ బెల్లు కొట్టాలో తననే చూసుకోనివ్వండి. ఆ తర్వాత తను బస్సులో, మీరు స్టాపు దగ్గర. బస్సు తప్పిపోతే ఏం చేయాలి, ఒక స్టాపు ముందు దిగిపోతే ఎలా నడవాలి అన్నవి కూడా ఒకసారి చేసి చూడండి. మీ ఊళ్లో కాలిబాటలు, రోడ్ల కిందనుంచి పోయే దారులు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లమే తికమకపడతాం. పగలు నడిచిన దారినే ఒక సాయంత్రం కూడా నడిపించండి. డిసెంబరులో ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, మూడున్నర దాటగానే చీకటి. బడికి పోవడం, రావడం రెండూ మసక వెలుతురులోనే.

మీ వెస్ట్ లోథియన్‌లో శుక్రవారం మధ్యాహ్నం బడి ఉండదు కాబట్టి క్లబ్ లేని లోటు ఆ రోజే ఎక్కువగా తెలుస్తుంది. పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా ఉంచడానికి ఇన్నేళ్లు నిండాలని స్కాట్లాండ్ చట్టంలో లేదు. కానీ ప్రమాదం జరిగేలా వదిలేస్తే నేరమే. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని ఎక్కువసేపు ఒంటరిగా వదలొద్దని పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్ఎస్‌పీసీసీ సంస్థ చెబుతుంది. మీ షిఫ్టుల రోస్టర్ చేతికి రాగానే శుక్రవారాలు చూసుకోండి. మేనేజర్‌ని అడగడానికి మొహమాటపడకండి, ఆగస్టుకి ముందే అడగండి. వీలు కాని శుక్రవారాలకి హైస్కూల్లో స్పోర్ట్స్ క్లబ్బో, ఊళ్లో లైబ్రరీయో, నమ్మకమైన స్నేహితురాలి ఇల్లో ఏదో ఒకటి ఖాయం చేసి ఉంచండి.

పాప నెమ్మదస్తురాలన్నారు. ఈ మాట హైస్కూలుకు చేరాల్సింది పీ7 టీచర్ ద్వారా. మే, జూన్ నెలల్లో పీ7 పిల్లల్ని రెండు మూడు రోజులు కొత్త హైస్కూల్లో ఉంచుతారు. అంతకుముందే హైస్కూలు నుంచి ఎవరో ఒకరు ప్రైమరీకి వచ్చి పిల్లల గురించి టీచర్‌తో మాట్లాడతారు. క్లాసులు విడగొట్టేటప్పుడు ఎవరితో ఎవరుంటే బాగుంటుందో కూడా చాలాచోట్ల అడుగుతారు. ఇప్పుడే పీ7 టీచర్‌కి నాలుగు వాక్యాలు రాయండి: పాప ఎవరితో ధైర్యంగా ఉంటుంది, దేనికి బెదురుతుంది, అర్థం కానప్పుడు అడగకుండా ఎలా ఊరుకుంటుంది. కొన్ని బడుల్లో ఇలాంటి పిల్లలకి అదనంగా ఇంకొన్నిసార్లు చిన్న గుంపుగా వచ్చి బడి చూసుకునే ఏర్పాటు ఉంటుంది, ఎన్‌హాన్స్‌డ్ ట్రాన్సిషన్ అంటారు. దానికోసం పిల్లకి ఏదో పెద్ద సమస్య ఉండాలని లేదు. అడగండి.

హైస్కూల్లో మీకు ముఖ్యమైన మనిషి హెడ్‌టీచర్ కాదు, గైడెన్స్ టీచర్. కొన్నిచోట్ల పాస్టోరల్ టీచర్ అనో పపిల్ సపోర్ట్ అనో అంటారు. ఎస్1 నుంచి బడి వదిలేదాకా చాలావరకు అదే మనిషి మీ పాప మంచిచెడ్డలు చూస్తారు. మనవాళ్లు సంవత్సరమంతా ఒక్క ముక్క రాయకుండా ఉండి, ఏదైనా గొడవైతే ఒకేసారి హెడ్‌టీచర్ గదికి వెళ్తారు. అలా వద్దు. మొదటి నెలలోనే గైడెన్స్ టీచర్‌కి ఒక చిన్న ఈమెయిల్ పెట్టి పరిచయం చేసుకోండి. ఎవరైనా రంగు గురించో పేరు గురించో వెక్కిరిస్తే, ఆ రోజే, ఏం జరిగిందో, ఎక్కడో, ఎవరో రాసి పంపండి. నోటిమాటగా చెప్పింది గాలికి పోతుంది, రాసిచ్చినదానికి బడి జవాబు చెప్పాలి. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లలు తామే ఫోన్ చేసి మాట్లాడుకునే చైల్డ్‌లైన్ నంబరు 0800 1111, డబ్బు పడదు. ఆ నంబరు పాపకి తెలిసి ఉండాలి. మీమీద నమ్మకం లేక కాదు, ఏదో ఒక రోజు మీకు చెప్పడానికి సిగ్గుపడే విషయం ఉండొచ్చు.

ఫోన్ ఇవ్వొచ్చు. బస్సులో వెళ్లే పిల్ల దగ్గర ఉండటం మంచిదే. అయితే అది ఖరీదైనది కానక్కర్లేదు. 2024 ఆగస్టులో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, బడిలో ఫోన్లు పూర్తిగా వద్దనే అధికారం హెడ్‌టీచర్లకి ఉంది. మీ బడి నియమం ఏమిటో కనుక్కోండి. నిజమైన తలనొప్పి ఫోన్ కాదు, గ్రూపులు. జూన్‌లో ఆ రెండు రోజులు కలిశారో లేదో 'కొత్త ఎస్1' అని గ్రూపు తయారవుతుంది. వాట్సాప్‌కైనా స్నాప్‌చాట్‌కైనా కనీస వయసు 13. ఎస్1లో చేరేవాళ్లలో చాలామందికి ఆ వయసు ఉండదు, గ్రూపులో మాత్రం అందరూ ఉంటారు. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉండాలని జూలైలోనే అలవాటు చేయండి. అక్టోబరులో మొదలుపెడితే యుద్ధమే.

చిన్న చిన్నవి మరికొన్ని. యూనిఫాం బ్లేజర్ జూన్‌లోనే కొనేయకండి, సెలవుల్లో పిల్లలు ఎదుగుతారు. బడిలో పాత యూనిఫాంలు ఇచ్చిపుచ్చుకునే రోజు ఉందేమో అడగండి, ఎస్1 బ్లేజర్లు పెద్దగా అరగకుండానే పొట్టివైపోతాయి. అన్నిటిమీదా పేరు రాయండి. టోపీ ఉన్న వానకోటు కొనండి, ఈ గాలికి గొడుగు నిలవదు. కొన్నా వేసుకోరనుకోండి, ఎస్1లో కోటు వేసుకోవడం ఎందుకో పరువు తక్కువ. హోమ్ ఎకనామిక్స్‌లో వంట చేయిస్తారు. మాంసం తినకపోతే, గొడ్డుమాంసం, పంది మాంసం ముట్టకపోతే, మొదటి వారంలోనే రాసి పంపితే వేరే దినుసులతో చేయిస్తారు. గమ్మీ మిఠాయిల్లో ఉండే జెలటిన్ సంగతి కూడా శాకాహారులు పిల్లలకి చెప్పి ఉంచాలి, ఎవరి పుట్టినరోజుకో పంచుతూనే ఉంటారు. ఎస్1లో అమ్మాయిలకీ అబ్బాయిలకీ హెచ్‌పీవీ టీకా బడిలోనే వేస్తారు, 2023 నుంచి ఒక్క డోసే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పాటు మరికొన్ని క్యాన్సర్లు రాకుండా కాపాడే టీకా అది. అంగీకార పత్రం బ్యాగు అడుగున నలిగి ఉంటుంది, వెతికి సంతకం చేసి పంపండి.

ప్రశ్న: మేము జనవరిలో హైదరాబాద్ నుంచి అబర్డీన్ వచ్చాం. బాబు అక్కడ ఆరో తరగతి చదువుతున్నాడు, పుట్టింది 2014 జూన్. ఇక్కడ పీ7లో, అంటే ప్రైమరీలో వేశారు. ఆరో తరగతి అంటే మనకి హైస్కూలే కదండీ. లెక్కలు చూస్తే వాడు అక్కడ ఎప్పుడో చేసినవి. నేరుగా ఎస్1లో వేయమని పట్టుబట్టాలా? ఆన్‌లైన్‌లో హైదరాబాద్ కోచింగ్ కొనసాగించాలా?
– ఒక తండ్రి, అబర్డీన్

జవాబు: పట్టుబట్టకండి సార్. ఇక్కడ తరగతి నిర్ణయించేది పుట్టిన తేదీని బట్టే. 2014 మార్చి నుంచి 2015 ఫిబ్రవరి చివరి దాకా పుట్టిన పిల్లలు 2026 ఆగస్టులో ఎస్1కి వెళ్తారు. మీవాడు సరిగ్గా తన ఈడు పిల్లల మధ్యే ఉన్నాడు. పైగా నేరుగా హైస్కూల్లో మధ్యలో దిగిన పిల్లలతో పోలిస్తే వాడికి అదృష్టం. పీ7లో ఈ ఆరు నెలలు ఒక్క టీచర్, ఒక్క గది. జూన్‌లో మిగతావాళ్లతో కలిసి కొత్త బడి చూస్తాడు. చాలా బడుల్లో పీ7 పిల్లల్ని ఊరి బయట అవుట్‌డోర్ సెంటర్‌లో కొన్ని రాత్రులు ఉంచే క్యాంపు ఉంటుంది, ఇంకా అవకపోతే ఎలాగైనా పంపండి. సంవత్సరమంతా కుదరని స్నేహాలు అక్కడ బురదలో పడి లేచేసరికి కుదురుతాయి.

లెక్కల విషయంలో మీరన్నది నిజమే, చేతి లెక్కలో మనవాళ్లు ముందుంటారు. కానీ ఇక్కడ 'జవాబు ఎలా వచ్చిందో చెప్పు' అంటారు. మీవాడు జవాబు టక్కున రాసి, ఎలా వచ్చిందో అడిగితే టీచర్ వైపు అనుమానంగా చూస్తాడు. ఇంట్లో కూడా ఒక లెక్క రెండు రకాలుగా చేయించి, మాటల్లో చెప్పించండి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకి కూడా ఇక్కడి యాస చెవికి పట్టడానికి కొంత కాలం పడుతుంది. అది తెలివికి సంబంధించింది కాదు. బడిలో ఈఏఎల్, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్‌లో ఇచ్చే తోడ్పాటు గురించి అడగండి. హైస్కూలుకి మారినా అది వెంట రావాలని పీ7 టీచర్‌కి గుర్తు చేయండి. లైబ్రరీ కార్డు తీసుకుని వాడికి నచ్చిన పుస్తకాలు, బొమ్మల కథలైనా సరే, చదవనివ్వండి.

కోచింగ్ గురించి సూటిగా అడుగుతాను. రెండేళ్లలో వెనక్కి వెళ్లిపోతారా? వెళ్లేట్టయితే లెక్కలు, సైన్సు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలతో మీరే వారాంతంలో కాసేపు చెప్పుకోండి, తెలుగు చదవడం రాయడం వదలకండి. వెళ్లిన చోట ఇబ్బంది పెట్టేది ఎక్కువగా భాషలే. ఉండిపోయేట్టయితే ఆ కోచింగ్ ఫీజు మిగుల్చుకోండి. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరింటి బ్యాచ్ అంటే ఇక్కడ చలికాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర, వారాంతంలో పెట్టారంటే పిల్లాడి శనివారం అక్కడే ముక్కలైపోతుంది. ఫుట్‌బాల్‌కి పిలిచిన స్నేహితుడు రెండుసార్లు పిలిచి మానేస్తాడు.

ఇంకో సంగతి, మీరు అడగనిదే. బాబు పేరు బడి రిజిస్టర్లో ఎలా పడిందో చూశారా? మన పాస్‌పోర్టుల్లో మూడు నాలుగు పేర్లు వరసగా ఉంటాయి, ఇక్కడి కంప్యూటర్ మొదటిదాన్ని పట్టుకుంటుంది. 'వెంకట సాయి ప్రణవ్' అని ఉంటే అందరూ 'వెంకట' అని పిలుస్తారు, మీ ఇంట్లో ఆ పేరుకి పలికేది తాతగారు ఒక్కరే. చేరిక పత్రంలో పిలిచే పేరు రాయడానికి 'నోన్ యాజ్' అని వేరే గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలేసి ఉంటే ఇప్పుడే ఆఫీసుకి చెప్పి నింపించండి. ఆగస్టులో పది పన్నెండు మంది కొత్త టీచర్లు మొదటి రోజు ఆ జాబితా చూసే పిలుస్తారు. పలకడం ఎలాగో ఒకటి రెండుసార్లు విసుక్కోకుండా చెప్పడం బాబుకి నేర్పండి. టీచర్లకి పలకడం రాకపోతే 'మీరు ఎలా పిలిచినా ఫర్వాలేదు' అనొద్దని కూడా చెప్పండి.

ప్రశ్న: మేం పెయిస్లీలో ఉంటాం. పక్కనే ఈస్ట్ రెన్‌ఫ్రూషైర్‌లో హైస్కూళ్లు హయ్యర్స్ ఫలితాల్లో స్కాట్లాండ్‌లోనే ముందుంటాయని మా ఫ్రెండ్స్ అంటున్నారు. ఆ బడిలో సీటు ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: మీ ఇంటి చిరునామాకి ఏ హైస్కూలు వస్తే అందులో సీటు దానంతట వస్తుంది. వేరే బడి కావాలంటే ప్లేసింగ్ రిక్వెస్ట్ పెట్టాలి. ఆగస్టులో చేరడానికి గడువు మార్చి 15, నిర్ణయం ఏప్రిల్ 30 లోపు చెప్పాలి. కాదంటే 28 రోజుల్లో అప్పీలుకి వెళ్లొచ్చు. మీరు అడిగేది వేరే కౌన్సిల్ బడి కాబట్టి అప్లికేషన్ వాళ్లకే పెట్టాలి. ముందు తమ పరిధిలో ఉన్న పిల్లలకి సీట్లిచ్చి, మిగిలితేనే బయటివాళ్లకి. ఒకవేళ దొరికినా ప్రయాణం ఏర్పాటు మీదే. ఆ బడుల కోసమే న్యూటన్ మేర్న్స్ వైపు ఇళ్లు మారిన కుటుంబాలు ఉన్నాయి, అద్దెలు కూడా ఆ సంగతి తెలిసినట్టే ఉంటాయి. ఫలితాల పట్టికలో పైనుండడానికి బడి ఎంత కారణమో అక్కడ నివసించేవాళ్ల జీతాలు అంత కారణం. నా మాట అడిగితే, నడిచి వెళ్లగలిగే బడి, సాయంత్రం ఇంటి గంట కొట్టే స్నేహితులు ఉన్నచోట ఎస్1 పిల్ల త్వరగా కుదుటపడుతుంది. ముందు మీ పరిధిలో ఉన్న బడి ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్లి చూడండి.

ప్రశ్న: మా అక్క కూతురు గ్లాస్గోలో ఎస్1. నవంబరు వచ్చేసరికి పీఈ క్లాసులో అబ్బాయిల చెయ్యి పట్టుకుని డాన్స్ చేయిస్తున్నారట. వచ్చే ఏడు మా అమ్మాయి కూడా అదే బడికి. వద్దని లెటర్ రాయొచ్చా?
– ఒక తల్లి, గ్లాస్గో

జవాబు: రాయొచ్చు గానీ, రాయకండి. క్రిస్మస్ ముందు స్కాట్లాండ్ బడుల్లో సోషల్ డాన్సింగ్ పాతకాలం నుంచి ఉన్న అలవాటు. డాషింగ్ వైట్ సార్జెంట్, స్ట్రిప్ ద విల్లో, గే గోర్డన్స్, ఇవన్నీ గుంపుగా వరసలు కట్టి, జతలు మారుతూ చేసేవి. మన కోలాటంలో చెక్కలు తీసేసి చేతులు కలిపితే ఎలా ఉంటుందో అలా. ఇక్కడ పెళ్లిళ్లలో, ఆఫీసు పార్టీల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఇవే చేస్తారు. అడుగులు రానివాళ్లు గోడ పక్కన నిలబడి చూస్తుంటారు, మీ అమ్మాయి ఆ గోడ పక్కన ఉండకూడదు.

సిగ్గంటారా, అది అందరికీ ఉంది. తరతరాలుగా ఈ దేశపు పిల్లలు స్వెటర్ చేతులు కిందికి లాక్కుని, గుడ్డ పైనుంచే చెయ్యి పట్టుకుంటున్నారు. పీఈ టీచర్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మీ అమ్మాయికి మరీ ఇబ్బందిగా ఉంటే అమ్మాయిల జతలో చేస్తానని టీచర్‌తో చెప్పొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. మీకు మతపరమైన అభ్యంతరం ఉంటే వేరే సంగతి, గైడెన్స్ టీచర్‌తో మాట్లాడండి. కేవలం 'మనవాళ్లు ఏమంటారో' అన్నదే కారణమైతే, డిసెంబరు పార్టీకి తనని తీసుకెళ్లి దించి, మీరు కూడా కాసేపు చూసి రండి.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. మనవడు ఎడిన్‌బరాలో ఉన్నాడు, ఈ ఆగస్టులో పెద్ద బడికి వెళ్తాడట. నేను జూన్‌లో వెళ్లి సెప్టెంబరు చివరిదాకా ఉంటాను. మా అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. నాకు ఇంగ్లిష్ అంతగా రాదు. వాడికి నేనేం సాయం చేయగలను?

జవాబు: అమ్మమ్మగారూ, మీరు అక్కడ ఉండటమే సగం సాయం, మర్యాదకి అనడం లేదు. ఎడిన్‌బరాలో కూడా శుక్రవారం మధ్యాహ్నానికే బడి వదిలేస్తారు. ఆ వేళకి ఇంట్లో మనిషి ఉంటే మీ అమ్మాయి ఆఫీసులో నిశ్చింతగా ఉంటుంది. మిగతా రోజుల్లో మూడున్నర, నాలుగింటికి ఇంటికొస్తాడు, విపరీతమైన ఆకలితో. మొదటి వారాల్లో వెంటనే 'బడిలో ఏం జరిగింది' అని అడగకండి. ముందు తిననివ్వండి. తిన్నాక వాడే చెబుతాడు, మీరు ఆ బడిని చూడలేదు కాబట్టి అమ్మానాన్నలకంటే మీకే వివరంగా చెబుతాడు.

బ్యాగు బరువుగా ఉందని మీరు మోయకండి, గేటు దాకా వెంట వెళ్లకండి. మొదటి రోజు మాత్రం వీధి చివరిదాకా, అదీ వాడు రమ్మంటేనే. డబ్బాలో పులిహోర పెట్టిస్తే వద్దంటాడేమో, మనసు కష్టపెట్టుకోకండి. కొన్నాళ్లు అందరిలాగే క్యాంటీన్‌లో శాండ్‌విచ్ తినాలని ఉంటుంది. ఆ పులిహోర సాయంత్రం నాలుగింటికి పెట్టండి, గిన్నె ఖాళీ అవుతుంది. తెలుగు పేపర్లోంచి రోజూ నాలుగు వాక్యాలు చదివించగలిగితే ఇంకేం కావాలి, అది ఆ బడిలో ఎవరూ చెప్పరు.

వెళ్లేటప్పుడు అప్పడాలు, వడియాలకి తోడు ఒక మంచి స్వెటర్ కూడా పెట్టుకోండి, అక్కడ జూలైలో కూడా సాయంత్రాలు చల్లగానే ఉంటాయి. ఇంటి తలుపు చాలాచోట్ల లాగగానే దానంతట తాళం పడిపోతుంది. చెత్త పారేయడానికి బయటికి వచ్చి గుమ్మంలో చిక్కుకుపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. మీకొకటి, వాడికొకటి వేరు తాళంచెవులు చేయించి ఉంచమని మీ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.